షియాన్‌లో అమ్మానాన్నలతో ఒక్క రోజు: ప్రైవేట్ గైడ్‌కి అంత పెట్టడం దండగా?

గుంటూరు_గోంగూర
తమ్ముడు షాంఘైలో ఉద్యోగం చేస్తున్నాడు. అక్టోబర్ మొదటి వారం వాడికి సెలవులు, నాకూ దసరా కలిసొచ్చింది, అందుకని అమ్మానాన్నలని తీసుకుని వెళ్దామనుకుంటున్నాను. నాన్న రిటైర్డ్ సోషల్ మాస్టారు. షాంఘైలో ఎత్తు బిల్డింగులు చూపిస్తానంటే అవి హైదరాబాద్‌లోనూ ఉన్నాయి కదా అన్నారు. షియాన్ వెళ్ళి, చైనా మొదటి చక్రవర్తి సమాధికి కాపలాగా పాతిపెట్టిన ఆ మట్టి సైనికుల్ని చూడాలట. అమ్మకి మోకాళ్ళ నొప్పులు.

ఒక ఏజెన్సీ వాళ్ళు ప్రైవేట్ డే టూర్ ప్లాన్ పంపారు. ఉదయం 8కి హోటల్ దగ్గర పికప్, టెర్రకోట మ్యూజియం, "కళాకారుల వర్క్‌షాప్", భోజనం, హువాచింగ్ ప్యాలెస్, వైల్డ్ గూస్ పగోడా, ఊరి కోటగోడ, చీకటి పడ్డాక ముస్లిం వీధి. కారు, డ్రైవర్, ఇంగ్లీష్ మాట్లాడే గైడ్ అన్నీ కలిపి నలుగురికి మన డబ్బుల్లో నలభై వేల దాకా చెప్తున్నారు. అదే గ్రూప్ బస్సయితే అందులో పావు వంతు కూడా లేదు. తమ్ముడి చైనీస్ "బిల్లు తెండి, కారం వద్దు" వరకే. వెళ్ళొచ్చిన వాళ్ళు చెప్పండి, ఇంత పెట్టడం అవసరమా?

కూకట్‌పల్లి_కిట్టు
ఒక్క రోజులో ఇన్ని చోట్లా? చూడటానికి వెళ్తున్నారా, హాజరు వేయించుకోవడానికా?

షెన్‌జెన్_శీను
రేటు సంగతి తర్వాత, ముందు డేట్లు మార్చండి. అక్టోబర్ 1 చైనా జాతీయ దినం. ఆ వారమంతా దేశం మొత్తానికి సెలవు. మీ తమ్ముడికి సెలవుందంటే అందరికీ ఉన్నట్టే. రైలు టికెట్లు, హోటళ్ళు, మ్యూజియం స్లాట్లు అన్నీ ముందే అయిపోతాయి. మ్యూజియంలో సైనికులు బయటపడ్డ ఒకటో గుంట రెయిలింగ్ దాకా చేరాలంటే గరుడసేవ రోజు మాడవీధుల్లో నిలబడిన అనుభవం ఉండాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడని ఆ తొక్కిసలాటలోకి తీసుకెళ్ళకండి. ఎనిమిదో తేదీ దాటనివ్వండి.

ఇంకోటి. సెలవులకి ముందో వెనకో ఒక శనివారాన్నో ఆదివారాన్నో ఇక్కడ పని రోజు చేస్తారు. తమ్ముడి ఆఫీసు క్యాలెండర్ చూశాకే బుక్ చేయండి.

గుంటూరు_గోంగూర
వాడు అక్కడే ఉంటూ ఈ ముక్క చెప్పలేదు చూడండి. నాకు లీవు జరపడం కుదురుతుంది. వాడిని అడుగుతాను.

మెడికో_మాజీ
చైనాలో ఎంబీబీఎస్ చదివేటప్పుడు డబ్బుల్లేక నేను ఎక్కింది గ్రూప్ బస్సే. చవక నిజమే. మొదట ఒక బొమ్మల ఫ్యాక్టరీ దగ్గర దింపారు, తర్వాత జేడ్ షాపు, ఆ తర్వాత పట్టు బొంతల దుకాణం. షాపుల్లో ఎంతసేపు తిరిగినా ఎవరూ ఏమీ అనలేదు, అసలు గుంటల దగ్గరికొచ్చేసరికి మాత్రం జెండా ఊపుతూ పరుగులు పెట్టించారు. ఏమీ కొనలేదని గైడమ్మ తిరుగు ప్రయాణమంతా మొహం మాడ్చుకుని కూర్చుంది.

మీ ప్లాన్‌లో "కళాకారుల వర్క్‌షాప్" ఉంది చూశారా, ఆ బొమ్మల ఫ్యాక్టరీయే అది. ప్రైవేట్ టూర్ రేటు తీసుకుని కూడా కమిషన్ వదులుకోలేదన్నమాట. తీసేయమనండి. నోటిమాట కాదు, "షాపులకి తీసుకెళ్ళం" అని మెసేజ్‌లో రాయించుకోండి.

అత్తిలి_అమ్మాయి
@మెడికో_మాజీ ఫ్యాక్టరీని అంత తీసిపారేయకండి. మా పిల్లలకి ట్రిప్ మొత్తంలో నచ్చింది అదే. అచ్చులో మట్టి నొక్కించి చిన్న బొమ్మ చేయిస్తారు. అసలు సైనికుల కాళ్ళు గట్టి మట్టితో, ఒళ్ళు మాత్రం లోపల డొల్లగా ఎందుకు చేశారో నాకు అక్కడే అర్థమైంది. కింద బరువు లేకపోతే నిలబడవు కదా.

మెడికో_మాజీ
పిల్లలుంటే సరే. ఇక్కడున్నది సోషల్ మాస్టారు. ఆయన్ని గంటసేపు షోరూంలో కూర్చోబెడితే గైడ్‌కే క్లాసు పీకుతారు.

సొంతంగా_సాంబ
నలభై వేలా! మెట్రో తొమ్మిదో లైన్ ఎక్కి హువాచింగ్ స్టేషన్‌లో దిగితే అక్కడి నుంచి మ్యూజియంకి సిటీ బస్సు ఉంది. ఖర్చు చిల్లర డబ్బులే. మ్యూజియం టికెట్ 120 యువాన్లు. యువాన్ అంటే పన్నెండు రూపాయల పైచిలుకు, లెక్కేసుకోండి. గైడే కావాలంటే మ్యూజియం గేటు దగ్గర లైసెన్సు ఉన్న గైడ్లు గంటల లెక్కన దొరుకుతారు, ఆడియో గైడ్ కూడా అద్దెకిస్తారు. ఊళ్ళో తిరగడానికి అలీపే అనే చైనా పేమెంట్ యాప్‌లోనే టాక్సీ పిలవొచ్చు. ప్రైవేట్ టూర్ అంటే మన భయాన్ని మనకే అమ్మడం.

షెన్‌జెన్_శీను
@సొంతంగా_సాంబ మీ మాట మీకు నాకు వర్తిస్తుంది. ఊరి నడిబొడ్డు నుంచి మ్యూజియం ఉన్న లిన్‌టోంగ్ 40 కిలోమీటర్లు ఉంటుంది. మెట్రో మారడం, మెట్లు, బస్సులో నిలబడటం, గేటు నుంచి గుంటల దాకా మళ్ళీ నడక. లోపల ఒకటో గుంట ఒక్కటే 230 మీటర్ల పొడవు, చుట్టూ తిరిగి రావాలి. అమ్మగారికి పొద్దున్నే ఓపికంతా అక్కడే ఖర్చయిపోతుంది. కారు డబ్బులు భయానికి కాదు, మోకాళ్ళకి.

సొంతంగా_సాంబ
కారు వద్దనలేదే. కారు వేరు, గైడ్ వేరు. రోజంతటికీ కారూ డ్రైవరూ మాత్రం మాట్లాడుకుంటే సగం మిగులుతుంది.

విజయనగరం_వాసి
డ్రైవర్‌కి ఇంగ్లీష్ ఒక్క ముక్క రాదు సాంబ గారూ. మేం అలాగే వెళ్ళాం. ఫోన్‌లో ట్రాన్స్‌లేటర్ పెట్టుకుని మాట్లాడాం, బాగానే గడిచింది, కానీ పార్కింగ్‌లో దింపాక ఏ గేటు, ఏ లైను అన్నది మనమే తేల్చుకోవాలి. పార్కింగ్ దగ్గర గైడ్‌లమంటూ మీద పడేవాళ్ళు ఒక పక్క. రైల్వే స్టేషన్ బయట "టెర్రకోట, టెర్రకోట" అని పిలిచే బళ్ళు అసలే ఎక్కకండి, సిమెంటు బొమ్మల దగ్గర దింపేసి ఇదే మ్యూజియం అంటారు.

కూకట్‌పల్లి_కిట్టు
డూప్లికేట్ సైన్యమా! చార్మినార్ దగ్గర ముత్యాలు కొన్నోడిని, నన్నెవడూ మోసం చెయ్యలేడు.

చరిత్ర_పిచ్చోడు
గైడ్ కావాలా వద్దా అన్నది మీ నాన్నగారు ఏం చూడాలనుకుంటున్నారో దాన్ని బట్టి ఉంటుంది. గైడ్‌లు చెప్పే కథలో చాలా భాగం ఏ పుస్తకంలోనైనా ఉంటుంది. 1974లో రైతులు బావి తవ్వుతుంటే బొమ్మలు బయటపడ్డాయి, ఆ మొదటి చక్రవర్తి చిన్ షి హువాంగ్ క్రీ.పూ. 221లో చైనాని ఏకం చేశాడు, సుమారు ఎనిమిది వేల బొమ్మలు, ఏ రెండు మొహాలూ ఒకలా ఉండవు. ఇంత వరకు సోషల్ మాస్టారికి గైడ్ అక్కర్లేదు.

అక్కరకొచ్చేది ఎక్కడంటే, ఎక్కడ ఆగాలో చెప్పడంలో. అందరూ ఒకటో గుంట ముందు ఫోటో దిగి వెళ్ళిపోతారు. అదే గుంటలో ఆ బావి తవ్విన చోట చిన్న బోర్డు ఉంటుంది, ఎవరూ చూడరు. వెనక వైపు వెళ్తే ముక్కలైన బొమ్మల్ని అతికించే చోటు కనపడుతుంది. తల లేనివి, చేయి లేనివి, నడుం చుట్టూ పట్టీలు కట్టి నిలబెట్టినవి. ఇక రెండో గుంట హాల్లో అద్దాల పెట్టెలో మోకాలి మీద కూర్చున్న విలుకాడు ఉంటాడు. ముందు నుంచి కాకుండా వెనక్కి వెళ్ళి చూడండి. పైకి లేచిన మడమ కింద చెప్పు అడుగు కనపడుతుంది, ఆ అడుగు మీద కుట్లు కూడా చెక్కారు. వేలి దగ్గర చిక్కగా, మధ్యలో పల్చగా. ఎవరూ చూడని చెప్పు అడుగుకి అంత పని! వీపు మీద కవచం తాళ్ళలో ఇంకా ఎరుపు మిగిలి ఉంది. మొదట అన్నిటికీ రంగులుండేవి. మట్టిలోంచి తీసి గాలి తగిలిన నిమిషాల్లోనే రంగు కింద లక్క పొర ఎండి, ముడుచుకుని, రాలిపోయేది.

మంచి గైడయితే మిమ్మల్ని అక్కడికి తీసుకెళ్ళి ఆపుతాడు. పనికిరాని గైడ్ "హోటల్ ఎలా ఉంది, నా ఫోటో తియ్యండి" అంటాడు. బుక్ చేసే ముందు మెసేజ్‌లో ఒక్క ప్రశ్న అడగండి: రెండో గుంటలో ఏం చూపిస్తారు అని. జవాబు బట్టి మనిషి తెలిసిపోతాడు.

గుంటూరు_గోంగూర
ఈ పోస్ట్ నాన్నకి చదివి వినిపించాను. ఆయన అడుగుతున్నారు, రాజుగారి సమాధి మాత్రం ఎందుకు తవ్వలేదు? చూడటానికి ఏమైనా ఉందా అక్కడ?

చరిత్ర_పిచ్చోడు
చూడటానికి చెట్లున్న మట్టి దిబ్బ, చుట్టూ తోట. మ్యూజియం టికెట్‌లోనే అదీ వస్తుంది, గుంటల దగ్గర నుంచి బస్సు ఉంటుంది. సమాధి పక్కన దొరికిన కంచు రథాలు ఇప్పుడు ఆ తోట వైపు కట్టిన వేరే మ్యూజియంలో పెట్టారు. చాలామంది అది తెలియక వాటిని చూడకుండానే వచ్చేస్తారు. మాస్టారిని మాత్రం తప్పించుకోనివ్వకండి.

తవ్వకపోవడానికి కారణం బీజింగ్ దగ్గర జరిగింది. మింగ్ చక్రవర్తి వాన్లీ సమాధి డింగ్‌లింగ్‌ని 1956లో తవ్వడం మొదలుపెట్టారు. బయటికి తీసిన పట్టు బట్టలు గాలి తగిలి పాడైపోయాయి, నిలబెట్టే విద్య అప్పుడు లేదు. 1966లో సాంస్కృతిక విప్లవం గొడవల్లో ఆ రాజు ఎముకల్నే తగలబెట్టారు. ఆ దెబ్బతో చక్రవర్తుల సమాధులు తమంతట తాము తవ్వకూడదని నిర్ణయించుకున్నారు. పైగా చిన్ షి హువాంగ్ సమాధిలో పాదరసంతో నదులు పారించారని సిమా చియెన్ అనే చరిత్రకారుడు రాశాడు. 1980లలో దిబ్బ మీద మట్టి పరీక్షిస్తే పాదరసం మామూలు కన్నా ఎక్కువే తేలింది.

కూకట్‌పల్లి_కిట్టు
రెండు వేల ఏళ్ళుగా ఎనిమిది వేల మంది ఆన్‌సైట్ డ్యూటీ. ఒక్కడికీ అప్రైజల్ లేదు.

పులిహోర_ప్యాకెట్
తిండి గురించి ఎవరూ మాట్లాడరేం? టూర్‌లో "లంచ్ కలిపి" అంటే మ్యూజియం బయట టూరిస్టులకి వండే పెద్ద హోటల్, గుండ్రటి బల్ల, అన్నిట్లో మాంసమో మాంసం నీళ్ళో. శాకాహారులైతే ముందే చెప్పండి. శాకాహారం అంటే చేప కూడా కాదు, కోడి ఉడికించిన నీళ్ళు కూడా కాదు అని విడమర్చి చైనీస్‌లో రాసిన కార్డు పెట్టుకోండి, తమ్ముడి కొలీగ్‌తో రాయిస్తే చాలు. ఊళ్ళో అయితే లియాంగ్‌పి అని చల్లటి నూడుల్స్ దొరుకుతాయి. వెనిగర్, మిరపకారం నూనె, కీరా ముక్కలు. మన నాలుకకి బాగానే ఉంటుంది. ముస్లిం వీధిలో గొర్రె మాంసమే ఎక్కువ, అమ్మగారికి ఆ వాసన పడుతుందో లేదో చూసుకోండి.

నా హ్యాండిల్ చూసి నవ్వకండి, చింతపండు పులిహోర ఒక పూట నిలబెట్టింది నన్ను.

అత్తిలి_అమ్మాయి
వేడి నీళ్ళు ఎక్కడ పడితే అక్కడ పట్టుకోవచ్చు, ఫ్లాస్కు తీసుకెళ్ళండి. టాయిలెట్లు ఎక్కువగా కింద కూర్చునేవే. మోకాళ్ళ నొప్పులంటున్నారు కాబట్టి చెప్తున్నాను, వికలాంగుల కోసం ఉన్నదాంట్లో వెస్టర్న్ ఉంటుంది, గైడ్‌ని సిగ్గుపడకుండా అడగండి. టిష్యూ మీ దగ్గరే ఉంచుకోండి. గుంటల దగ్గర బ్యాటరీ బండి కూడా ఉంటుంది.

డాలస్_బాబాయ్
మేమూ వచ్చే ఏడాది ఇండియా వస్తూ దారిలో షియాన్ దిగుదామనుకుంటున్నాం. వీసా అక్కర్లేదు, పది రోజులు ఉండొచ్చు అంటున్నారు, నిజమేనా?

షెన్‌జెన్_శీను
@డాలస్_బాబాయ్ మీకు అమెరికా పాస్‌పోర్ట్ ఉంటే 240 గంటల ట్రాన్సిట్ వర్తిస్తుంది. కాకపోతే వచ్చిన దేశం వేరు, వెళ్ళే దేశం వేరు అయ్యుండాలి. అమెరికా నుంచి చైనా, చైనా నుంచి ఇండియా అయితే సరిపోతుంది. ఇండియన్ పాస్‌పోర్ట్ ఆ జాబితాలో లేదు, వాళ్ళు వీసా తీసుకోవాల్సిందే.

డాలస్_బాబాయ్
ఇంట్లో ఆవిడది ఇంకా ఇండియన్ పాస్‌పోర్టే. నేనొక్కడినే దిగితే బతకనివ్వదు.

మోడరేటర్
ఇద్దరు సభ్యులు గైడ్ల ఫోన్ నంబర్లు పోస్ట్ చేశారు, తొలగించాం. ఏజెన్సీల పేర్లు, నంబర్లు ఇక్కడ వద్దు.

రాజమండ్రి_రేవు
అందరూ సైన్యం చుట్టూనే తిరుగుతున్నారు. గుంటూరు వాళ్ళు, అందులోనూ సోషల్ మాస్టారు, షియాన్ వెళ్ళి చూడాల్సింది వైల్డ్ గూస్ పగోడా. మన పాఠాల్లో చదివిన హుయాన్‌త్సాంగ్ భారతదేశం నుంచి మోసుకెళ్ళిన గ్రంథాల కోసం 652లో కట్టిందది. 645లో ఊరు చేరినప్పుడు ఆయన దగ్గర 657 గ్రంథాలున్నాయని రికార్డు. మన వైపు వేంగికి వచ్చాడు, ధాన్యకటకానికి వచ్చాడు, అంటే మీ అమరావతి. అప్పటికే అక్కడ ఆరామాలు చాలావరకు పాడుబడి ఉన్నాయని, ఇరవై దాకా మాత్రం నడుస్తున్నాయని, వెయ్యి మంది భిక్షువులున్నారని రాసుకున్నాడు. కొన్ని నెలలు ఉండి సుభూతి, సూర్య అనే ఇద్దరు భిక్షువుల దగ్గర అభిధర్మం, అంటే బౌద్ధ తత్వశాస్త్రం, చదువుకున్నాడు కూడా. ఏజెన్సీ ప్లాన్‌లో పగోడాకి ఎంత టైమిచ్చారో చూడండి. నాకు తెలిసినంతలో బయట ఆయన విగ్రహం దగ్గర ఒక ఫోటో, అంతే.

గుంటూరు_గోంగూర
ప్లాన్ చూశాను. పగోడా 30 నిమిషాలు. వర్క్‌షాప్ గంట!

మెడికో_మాజీ
నేను చెప్పలా!

సొంతంగా_సాంబ
పగోడా ఊళ్ళోనే ఉంది, మెట్రో స్టేషన్ పక్కనే. దానికి గైడూ వద్దు, కారూ వద్దు.

రాజమండ్రి_రేవు
సాంబ గారితో ఈ ఒక్క విషయంలో ఏకీభవిస్తాను. కాకపోతే అమ్మగారిని పైకి ఎక్కించకండి, లోపల నిటారు మెట్లు, ఏడు అంతస్తులు. మాస్టారు ఎక్కాలంటే వేరే టికెట్ ఉంటుంది. కింద గుడి ఆవరణ తీరిగ్గా తిరిగితే చాలు. ఇప్పుడున్న కట్టడం మొదటిది కాదు, మొదటిది పాడయ్యాక వూ జెతియెన్ మహారాణి హయాంలో తిరిగి కట్టించారు. 1556 భూకంపానికి దెబ్బతిన్నది కూడా.

విజయనగరం_వాసి
హువాచింగ్ ప్యాలెస్ తీసేయొచ్చా మరి? మాకు స్నానాల తొట్లు తప్ప ఏమీ కనపడలేదు.

చరిత్ర_పిచ్చోడు
తొట్లు తాంగ్ వంశపు చక్రవర్తివి, ఆయన ఇష్టసఖి యాంగ్ గ్వీఫెయ్‌వి. అసలు చూడాల్సింది పక్కనున్న గదులు. 1936 డిసెంబర్ 12న అప్పటి చైనా పాలకుడు చియాంగ్ కై షేక్‌ని సొంత జనరళ్ళే అక్కడ పట్టుకున్నారు. తూటాల గుర్తులున్న కిటికీ అద్దాలు చూపిస్తారు. మాస్టారికి ఆసక్తి ఉంటుంది. కానీ కొండ పక్కన, ఎత్తుపల్లాలు. ఆ పూట అమ్మగారి ఓపిక చూసి అప్పటికప్పుడు తేల్చుకోండి. ప్రైవేట్ బండిలో ఉన్న లాభమే అది, వద్దంటే వద్దు.

సొంతంగా_సాంబ
అలా వద్దంటే డబ్బులు వెనక్కిస్తారా?

చరిత్ర_పిచ్చోడు
ఇవ్వరు. అందుకే ప్రవేశ టికెట్లు ప్యాకేజీలో కలపకుండా విడిగా తీసుకోవాలి. కారు, గైడ్‌ల రేటు ఒకటి, టికెట్ల రేటు వేరే, రెండూ విడివిడిగా రాసి పంపమనండి. అలా విడగొట్టి పంపడానికి నసిగారంటే అందులో ఏదో ఉందని అర్థం.

షెన్‌జెన్_శీను
డబ్బుల గురించి ఇంకో మాట. మన యూపీఐ ఇక్కడ ఎందుకూ పనికిరాదు. అలీపేలో వీసా కార్డో మాస్టర్ కార్డో ఎక్కించుకోండి, ముందు మీ బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేయండి. 200 యువాన్ల లోపు చెల్లింపులకి అలీపే ఫీజు ఉండదు, దాటితే మూడు శాతం. గైడ్‌కి మొత్తం ఒకేసారి ఆ దారిలో కడితే ఆ మూడు శాతం మీ నెత్తిన పడుతుంది, తమ్ముడి చైనా ఖాతా నుంచి కట్టించండి. ఫోన్ల సంగతి కూడా. హోటల్ వైఫైలో వాట్సాప్, గూగుల్ పనిచేయవు. మన సిమ్ రోమింగ్‌లోనో ట్రావెల్ ఈ సిమ్‌లోనో పనిచేస్తాయి.

కూకట్‌పల్లి_కిట్టు
వాట్సాప్ పనిచేయకపోతే పొద్దున్నే గుడ్ మార్నింగ్ మెసేజ్‌లు ఎలా పంపాలి? అమ్మానాన్నలకి అసలు టెన్షన్ అదే.

గుంటూరు_గోంగూర
తమ్ముడితో మాట్లాడాను. 10వ తేదీ తర్వాత ఒక శుక్రవారం లీవు పెడతానన్నాడు, కాబట్టి జనం లేని రోజే వెళ్తాం. ఏజెన్సీకి మీరందరూ చెప్పినవి కలిపి మెసేజ్ పెట్టాను. వర్క్‌షాప్ వద్దు, లంచ్ వద్దు, టికెట్లు విడిగా. మధ్యాహ్నం దాకా మ్యూజియం, రాజుగారి తోట, కంచు రథాలు, కుదిరితే హువాచింగ్, తర్వాత హోటల్ దగ్గర దింపేస్తే చాలు అన్నాను. పగోడా మర్నాడు పొద్దున మేమే వెళ్తాం, కోటగోడ కూడా. చరిత్ర_పిచ్చోడు గారి ప్రశ్న కూడా అడిగాను.

సగం రోజుకి రేటు సగం కాలేదు కానీ పాతికవేల లోపుకి దిగింది. గైడ్ జవాబు మాత్రం రావాలి.

సొంతంగా_సాంబ
ఇంకా ఎక్కువే. కానీ మీ ఇష్టం.

అత్తిలి_అమ్మాయి
కోటగోడ మీద సైకిళ్ళు అద్దెకిస్తారు, చుట్టూ దాదాపు 14 కిలోమీటర్లు. మాస్టారు తొక్కుతారేమో అడగండి.

గుంటూరు_గోంగూర
అడగను. తొక్కుతానంటారు.

గుంటూరు_గోంగూర
గైడ్ జవాబొచ్చింది. "రెండో గుంటలో కూర్చున్న విలుకాడి వీపు, చెప్పు అడుగు చూపిస్తాను. మీ నాన్నగారు టీచరని మీ తమ్ముడు చెప్పాడు, ప్రశ్నలుంటే ముందే పంపితే చదువుకుని వస్తాను" అని రాసింది. అమ్మాయే. ఖాయం చేసేశాను. నాన్న అప్పుడే నోట్‌బుక్ తీశారు.

చరిత్ర_పిచ్చోడు
ఈ అమ్మాయికి ఇచ్చే డబ్బు దండగ కాదు.

విజయనగరం_వాసి
మ్యూజియం టికెట్లు ఆ అమ్మాయి బుక్ చేస్తుందా, మీరు చేసుకోవాలా? పాస్‌పోర్ట్ నంబర్లతో ముందే స్లాట్ తీసుకోవాలి కదా.

గుంటూరు_గోంగూర
ఆమే చేస్తుంది, నంబర్లు పంపమంది. అసలు ధరకే. పాస్‌పోర్ట్ జిరాక్స్ పట్టుకెళ్తే సరిపోతుందా? అసలువి హోటల్ లాకర్లో పెట్టమంటున్నాడు నాన్న.

షెన్‌జెన్_శీను
సరిపోదు. గేటు దగ్గర అసలు పాస్‌పోర్టే స్కాన్ చేస్తారు. నలుగురివీ మీ హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకోండి. పెద్దవాళ్ళకి రాయితీ ఉందేమో కూడా టికెట్లు తీసే ముందు ఆ అమ్మాయినే అడగండి. చాలా చోట్ల ఉంటుంది, వయసు చూసేదీ ఆ పాస్‌పోర్ట్ మీదే.